జానెడు స్తంభం

జనవరి 11

ఇంజనీరు బావమరిదికి,

"ముందు క్షేమం అని రాయండి" అంటూ మీ అక్క వెనక నిలబడి పోరుపెడుతోంది. క్షేమం. రాసేశాను. ఇక అసలు సంగతికొస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోన్‌లో రెండో మాటకే నువ్వు అడ్డం పడతావు. మూడో మాటకి మీ అక్క లాక్కుంటుంది. కాగితానికి ఆ రెండు జబ్బులూ లేవు.

మీ ఫ్యాక్టరీ బస్సులు వచ్చాయి. పన్నెండు. బడిపిల్లల్లా వరసకట్టి డిపో ఆవరణలో నిలబడ్డాయి. మా మేనేజరు వాటి చుట్టూ తిరుగుతూ, కనిపించిన ప్రతివాడికీ "కొత్త మోడల్, కొత్త మోడల్" అని చెబుతున్నాడు, ఈయనే మోసి కన్నట్టు. ఈ డిపోలో అందరికంటే పాతవాణ్ణి కాబట్టి ముందు నన్నే ఎక్కించారు.

ఎక్కాను. సీటుకి ఏడు మీటలున్నాయి. నడుముకొకటి, తొడలకొకటి, వీపు నిమరడానికొకటి. ఇరవై ఏడేళ్లు నేను తోలిన బస్సుల్లో సీటుకి ఉన్న ఏర్పాటల్లా మడతపెట్టిన గోనెసంచి ఒక్కటే. నా నడుము ఇంకా నిటారుగానే ఉంది. మీ ఏడు మీటలూ నొక్కి దిగేసరికి మాత్రం కలుక్కుమంది.

బస్సు మాట్లాడుతుంది. రాబోయే స్టాపు పేరు ముద్దుముద్దుగా చెబుతుంది, కాకపోతే ఒక స్టాపు ముందుగా. స్టాపు రాగానే ఒక పక్కకి వంగి నేలకి ఆనుతుంది. ముసలివాళ్లు ఎక్కడానికట. నాకు వంగి దణ్ణం పెట్టిన బస్సుని ఇదే మొదటిసారి చూడటం. అంత వినయం చూస్తే నాకు అనుమానం.

ఇంకొకటి. నా పక్కన, ముందు అద్దానికీ పక్క కిటికీకీ మధ్య ఉన్న ఆ స్తంభం ఏమిటోయ్, అంత లావు? జానెడుంది. ఆవరణలో బస్సు తిప్పుతుంటే ఊడ్చే ఆవిడ కనిపించలేదు. చీపురు కర్ర కొస ఒక్కటే స్తంభం అంచున అటూ ఇటూ ఆడింది. చీపురు దానంతటదే ఊడుస్తోందేమో అనుకున్నాను. మీ బస్సులో అన్నీ వాటంతటవే జరుగుతాయి కదా!

ఇంతవరకూ ఎవర్నీ గుద్దని,
మీ బావ

*

జనవరి 24

బావకి నమస్కారం. అక్కకి వేరే నమస్కారం, అది మనసులోంచి పెట్టింది.

ముప్పైమంది రెండేళ్లు కూర్చుని చేసిన బస్సుని నువ్వు ఒక పూట ఆవరణలో తిప్పి తీర్పు చెప్పేశావు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. తోలలేక సీటు మీద పడ్డావు నువ్వు. గోనెసంచి మీద అంత మమకారముంటే ఇంట్లో సోఫా తీయించి అదే వేయించుకో. అక్క ఒప్పుకుంటే.

ఎన్నిసార్లు చెప్పినా నీ బుర్రకెక్కని సంగతి మరోసారి చెబుతున్నాను. బస్సంతా నేను గియ్యలేదు. డ్రైవరు కూర్చునే క్యాబిను ఒక్కటే మా సెక్షన్. ఒక స్టాపు ముందుగా కూసేది వేరేవాళ్ల గొంతు. దానికి నన్ను తిట్టకు.

స్తంభం మాత్రం మాదే. దాని కథ చెబితే నవ్వుతావు. మొదటి డ్రాయింగులో అది నాలుగు వేళ్లే. తర్వాత బస్సులోపల ప్రకటనల తెరలు పెట్టాలన్నారు. వాటి వైర్ల కట్ట, చల్లగాలి గొట్టం ఎక్కడినుంచి దింపాలి? రెండో పక్క తలుపు యంత్రాలు అడ్డం. కాబట్టి రెండూ నీ పక్క స్తంభంలోకి వచ్చాయి. నాలుగు వేళ్లు జానెడయ్యింది. డ్రైవరుకి అడ్డమేమో అని నేనూ ఒకసారి గొణిగాను. మా పెద్దసారు, "డ్రైవరుకి మెడ ఉంటుంది కదయ్యా, వంగి చూస్తాడు" అన్నారు. సంతకం పెట్టేశాను. నిబంధనల్లో ఉన్న హద్దుకి వెంట్రుకవాసి లోపలే ఉంది. అంటే పాసైనట్టే. నీ మెడ బిగుసుకుపోయి ఉంటే దానికి నా డ్రాయింగేం చేస్తుంది?

రెండు నెలలాగు. నీ నోటితోనే పొగుడుతావు.

ఊడ్చే ఆవిడకి నా తరఫున క్షమాపణలు.

నీ బావమరిది

*

ఫిబ్రవరి 9

క్యాబిను దొరగారికి,

మొన్న ఆరో తారీఖున మీ బస్సుని రోడ్డెక్కించారు. మొదటి బస్సు తోలింది మీ బావే. ఫోటో పంపుతున్నాను. కొత్త యూనిఫాం ఇచ్చారు, మెడ దగ్గర గీసుకుపోతోంది. ముఖ్య అతిథి పక్కన కొయ్యబొమ్మలా నిలబడ్డవాణ్ణి నేనే. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్సుని పట్టుకున్నాను, పడిపోతుందేమో అన్నట్టు.

వేడుక చెడగొట్టింది కూడా మీ బస్సే. తలుపుకి అడ్డంగా రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి దాన్ని కత్తిరిస్తే తలుపు హుందాగా తెరుచుకోవాలని ఏర్పాటు. తెరుచుకోదే! తెగిన ముక్క తలుపు సందులో వేలాడుతోంది. మీ యంత్రం దాన్ని మనిషనుకుని బిగుసుకుపోయింది. అయిదు నిమిషాలు అందరం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. చివరికి మా మేనేజరు వేళ్లతో లాగేశాడు. చూశావా, మీ బస్సుకి రిబ్బను మనిషిలా కనిపిస్తుంది, మనిషే కనిపించడు.

మీ అక్క మాత్రం ఆ బస్సుకి దాసోహమైపోయింది. మెట్లు లేవు, మోకాలు నొప్పి లేదు, "మా తమ్ముడు గీశాడు" అని పక్క సీట్లో వాళ్లకి చెప్పుకుంటూ రెండుసార్లు అవసరం లేకపోయినా తిరిగి వచ్చింది.

నాకు ఎనిమిదిమందిని అప్పగించి కొత్త బస్సు నేర్పమన్నారు. ఏడుగురు మొద్దులు. ఎనిమిదోది ఆడపిల్ల, ఇంత పొట్టిది, డిపోలో అందరూ పిచ్చుక అంటారు. చెయ్యి తిరిగిన డ్రైవరు. పాత బస్సుని వీధి మలుపులో తిప్పుతుంటే చూడాలి, చీరకి అంచు కుట్టినట్టు తిప్పుతుంది. ఈ బస్సులో కాళ్లు అందాలంటే సీటు అడుగుకంటా దించాలి. దించితే, "గురువుగారూ, ఆ పక్క రోడ్డు సగం లేదండీ" అంది. "నాకూ పావు లేదులే, వంగి చూడు" అన్నాను. వంగి చూస్తోంది. గడియారం ముల్లులా రోజంతా ముందుకీ వెనక్కీ ఊగుతోంది పాపం.

సరే, అందరూ సంబరంగా ఉన్నారు. నేనొక్కణ్ణీ ముఖం ముడుచుకుంటే ఏం బావుంటుంది?

కొయ్యబొమ్మ బావ

*

ఫిబ్రవరి 23

బావా,

ఫోటో బ్రహ్మాండం! మా ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టారు. "ఈ పెద్దాయన ఎవరు, ముఖంలో ఎంత గాంభీర్యం!" అంటున్నారు అందరూ. అది గాంభీర్యం కాదు, కొత్త కాలరు అని చెప్పలేదు.

రెండు నెలలన్నాను, నెల తిరక్కుండానే మెత్తబడ్డావు. "అందరూ సంబరంగా ఉన్నారు" అని నీ చేత్తోనే రాశావు. మా ఫ్యాక్టరీ పత్రికకి నాలుగు మంచి మాటలు రాసి పంపు. తప్పులు నేను దిద్దుకుంటాను.

పిచ్చుక గురించి దిగులు పడకు. మేము బస్సులు మామూలు మనుషుల కోసం చేస్తాం బావా, పిచ్చుకల కోసం కాదు. సీటు మీద దిండు వేసుకోమను.

పత్రిక నెలాఖరుకి అచ్చుకెళ్తుంది. త్వరగా రాయి.

బావమరిది

*

మార్చి 17

ఏమోయ్,

పత్రికకి నాలుగు మాటలడిగావు. ఇవిగో.

పదమూడో తారీఖు పొద్దున పది గంటలకి గడియారం కూడలి దగ్గర పిచ్చుక మలుపు తిప్పుతోంది. ఎదర ఖాళీ. అద్దాల్లో ఖాళీ. వంగి చూసింది, ఖాళీ. తిప్పింది. అరవైయేడేళ్ల దర్జీ, కుట్టిన బట్టల మూట చంకన పెట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. బస్సు మెల్లగా తిరగబట్టి దక్కింది. మెల్లగా తిప్పింది ఆ పిల్ల, మీ బస్సు కాదు.

"మనిషి లేడు గురువుగారూ, చప్పుడు వినిపించాక వచ్చాడు" అని అదే మాట పదిసార్లు చెప్పింది నాతో. కబురు తెలిసి నేను వెళ్లేదాకా స్టీరింగు మీంచి చేతులు తియ్యలేకపోయింది. నేను ఒక్కొక్క వేలూ విడదీశాను.

మధ్యాహ్నానికి ఉద్యోగంలోంచి పక్కనపెట్టారు. మా మేనేజరు నివేదికలో ఏం రాశాడో తెలుసా? "డ్రైవరు ఎత్తు తక్కువ, శ్రద్ధ తక్కువ." రెండు తక్కువలు కలిపితే ఆయన పని తేలికైపోయింది. వచ్చే నెల పదహారున విచారణ. పెద్దాఫీసు నుంచి అధికారి వస్తాడు.

జనవరి 24న నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. నాలుగు వేళ్లు జానెడెలా అయ్యిందో, మీ పెద్దసారు ఏమన్నాడో, అన్నీ నీ చేతిరాతలో ఉన్నాయి. ఏం చెయ్యాలో నువ్వే ఆలోచించుకో.

బావ

*

మార్చి 25

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. అర్థమైంది. నా ఉత్తరం "భద్రంగా" ఉందని తెలియజేసినందుకు కృతజ్ఞతలు. అక్క భర్త కదా అని నమ్మి, నవ్వుకుంటారని రాసిన మాటల్ని తాళం వేసి దాచుకుని, సమయం చూసి బయటికి తీశారు. ఇంటి మనిషిని బెదిరించడానికి ఇంతకంటే చక్కటి పద్ధతి లేదు.

ఆ ఉత్తరం విచారణలో పెడితే నా ఉద్యోగం పోతుంది. పెట్టండి. కానీ దాంతోపాటు ఇదికూడా పెట్టండి. నకలు జతచేస్తున్నాను. ఫిబ్రవరి 6న మీ డిపో బస్సులు స్వీకరించినట్టు మాకు పంపిన పత్రం. తొమ్మిదో గడి చూడండి. "డ్రైవరు చూపుకి అడ్డంకులు" అని ఉంది. దాని ఎదురుగా "ఏమీ లేవు" అని ఉంది. కింద సంతకం ఎవరిదో మీరు గుర్తుపట్టగలరు. ఆ వంకర తోక సంతకం నా పెళ్లి పత్రం మీద సాక్షిగా కూడా ఉంది.

జనవరి 11న చీపురు కర్ర కథ రాసిన పెద్దమనిషి ఫిబ్రవరి 6న "ఏమీ లేవు" అన్నాడు. నేను గొణిగి సంతకం పెట్టాను. మీరు గొణగనైనా గొణగలేదు.

ఉత్తరం మీరు చూపించండి. పత్రం నేను చూపిస్తాను. చూద్దాం ఎవరిది ఎక్కువ లావో.

ఇట్లు,
మీకు ఏమీ కాని ఒక ఇంజనీరు

*

ఏప్రిల్ 3

ఒరేయ్,

నన్ను "మీరు" అన్నావు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొదటిసారి. నీ నకలు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. నిన్ను బెదిరించానని ఎలా అనుకున్నావురా? వచ్చి ఆ మాటలే విచారణలో నీ నోటితో చెబుతావేమో, నీ అంతట నువ్వు ఆలోచించుకుంటావేమో అని రాశాను. నా రాత అలా ఏడ్చింది. బస్సు తోలేవాడికి మెత్తగా రాయడం ఎవరు నేర్పారు?

నకలు చూశాను. నాదే.

దాచను. రిబ్బను కడుతున్నారు. మేనేజరు పత్రం తెచ్చి, "తొమ్మిదో గడి ఒక్కటే మిగిలిందయ్యా, లేవు అని గిలికి పడెయ్, ముఖ్య అతిథి దిగుతున్నాడు" అన్నాడు. అటుపక్క ఫోటోలవాడు, "డ్రైవరు సార్, ఇటు చూడండి సార్" అని పిలుస్తున్నాడు. నా సర్వీసులో బయటివాడెవడూ నన్ను సార్ అనలేదు. పెన్ను ఎక్కడ పెట్టానో కూడా చూడలేదు. ఆ కాగితం తర్వాత నాకు గుర్తుకు రాలేదంటే అబద్ధం. పదమూడో తారీఖున పిచ్చుక వేళ్లు విడదీస్తున్నప్పుడు గుర్తొచ్చింది. నీకు రాసిన ఉత్తరంలో మింగేశాను.

నీ నకలు చదువుతుంటే మీ అక్క లాక్కుంది. నీ జనవరి ఉత్తరం తెచ్చి పక్కన పెట్టుకుని రెండూ చదివింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "గీసేటప్పుడు వాడు నోరు మూసుకున్నాడు. తోలేటప్పుడు మీరు మూసుకున్నారు. ఉత్తరాల్లో మాత్రం ఇద్దరికీ రెండేసి నోళ్లు. ఆ పిల్ల మీ ఇద్దరి కంటే ఏం ఎక్కువ తప్పు చేసిందని దాని ఒక్కదాని ఉద్యోగం పోవాలి?" అంది. లేచి వెళ్లి పడుకుంది. మూడు రోజులైంది, నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. పోనీలే అనుకోవడానికి లేదు, ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం తియ్యడానికి లేదు.

మీ పెద్దసారుని తిట్టుకుందామనుకున్నాను. "వంగి చూస్తాడు" అన్నాడని. ఆ పిల్లతో "వంగి చూడు" అన్నది నేను. ఆయన నోట్లోంచి ఊడిపడ్డట్టు.

నీ జనవరి ఉత్తరం ఇందులో పెట్టి నీకే పంపిస్తున్నాను. నకలు తియ్యలేదు. చింపుకుంటావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. నేను అడిగేది ఒక్కటే. నా జనవరి 11 ఉత్తరం నీ దగ్గరుంది, చీపురు కర్రది. దాన్ని పంపు. తెలిసీ "లేవు" అని రాశానని దాంతో రుజువవుతుంది. నా నోటి మాట నమ్మరు, శిష్యురాలి కోసం అబద్ధమాడుతున్నాననుకుంటారు. పారేసి ఉంటే ఆ సంగతి చెప్పు.

బావ

*

ఏప్రిల్ 8

బావా, నువ్వు,

నీ ఉత్తరం వచ్చిన రోజు నాదాన్ని చింపడానికి రెండుసార్లు మడతపెట్టాను. అది కూడా రాయకపోతే ఇది ఇంకో తొమ్మిదో గడి అవుతుంది.

మర్నాడు బస్సులు సిద్ధం చేసే షెడ్డుకి వెళ్లాను. ఒక బస్సు ఎక్కి సీట్లో కూర్చున్నాను. బావా, మా సెక్షన్‌లో క్యాబిను గీసింది అయిదుగురం. అయిదుగురిలో ఒక్కడికీ బస్సు తోలే లైసెన్సు లేదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. నేను ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. డ్రాయింగులో కూర్చుంటాం కదా, చాలనుకున్నాం.

సీటు అడుగుకి దించాను. డ్రాయింగులు భద్రపరిచే ఆవిడని పిలిచి బస్సు ముందు అటునుంచి ఇటు మెల్లగా నడవమన్నాను. షెడ్డులో పనిచేసే టెస్టింగ్ డ్రైవరు నా పక్కన నిలబడి, చేతి బ్రేకు వదులుతూ బిగిస్తూ బస్సుని అంగుళం అంగుళం కదిలించాడు. నేను స్టీరింగు తిప్పాను. ఆవిడ నడుస్తోంది, నడుస్తోంది, ఉన్నట్టుండి లేదు. "ఇక్కడే ఉన్నానండీ!" అని నవ్వుతోంది. గొంతు ఉంది, మనిషి లేదు. బస్సు తిరిగే వేగమూ మనిషి నడిచే వేగమూ కలిశాయంటే మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఆ మనిషి స్తంభం చాటునే ఉంటుంది. నేను వంగాను. నాతోపాటు స్తంభం చాటూ జరిగి, రోడ్డులో వేరే ముక్క మాయమైంది. ఆవిడ నడిచి నడిచి బంపరుని చేత్తో తట్టింది. అప్పుడు చూశాను.

టెస్టింగ్ డ్రైవరు, "ఇది మాకు మొదటిరోజే తెలుసండి" అన్నాడు. మరి చెప్పలేదేం అన్నాను. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఎవరికి చెప్పాలండి? మీరు కిందికొచ్చింది ఇవాళే కదా" అన్నాడు.

దిండు వేసుకోమని రాశాను నేను. పిచ్చుకల కోసం బస్సులు చెయ్యం అని రాశాను. ఆ ఉత్తరం నీ దగ్గరే ఉంది. దాన్ని మాత్రం ఎవరికీ చూపించకు బావా. ఉద్యోగానికి భయపడి కాదు.

నీ జనవరి ఉత్తరం నీకు పంపడం లేదు. అదీ, నాదీ, మొదటి డ్రాయింగు నకలూ, షెడ్డులో చూసింది రాసిన రెండు పేజీలూ కలిపి విచారణాధికారికి నేనే పంపించాను. రశీదు నా జేబులో ఉంది.

అక్కతో చెప్పు. నేను చెబితే ఫోన్ పెట్టేస్తోంది.

నీ బావమరిది

*

ఏప్రిల్ 21

బావమరిదికి,

విచారణ అయ్యింది. అధికారి సన్నగా, జలుబు చేసినట్టుండే మనిషి. మన ఉత్తరాలు రెండూ మొదటి అక్షరం నుంచి చివరిదాకా పైకి చదివాడు. "సంబంధించిన భాగాలు చాలు సార్" అని మా మేనేజరు గుటకలు మింగాడు. "ఏది సంబంధించిందో చదివితే కదండీ తెలిసేది" అన్నాడాయన. మేనేజరు బస్సుల్ని మోసి కన్న సంగతి, నా నడుము కలుక్కుమన్న సంగతి, మీ అక్క మీద నీకున్న మనసులోని నమస్కారం, అన్నీ నలుగురి ముందూ చదవబడ్డాయి. నా ఏడుగురు మొద్దులూ కిటికీ అవతల నిలబడి విన్నారు. వాళ్లు మొద్దులన్న ఉత్తరం నువ్వు పంపలేదు, ఆ ఉపకారం మరచిపోను.

మీ ఫ్యాక్టరీ నుంచి కోటు వేసుకుని ఒకడొచ్చాడు. "స్తంభం నిబంధనల ప్రకారమే ఉందండి" అని మూడుసార్లు అన్నాడు. "దర్జీ కూడా నిబంధనల ప్రకారమే నడిచాడండి" అన్నాడు అధికారి. అంతటితో సరి.

పిచ్చుకని తిరిగి తీసుకున్నారు. తప్పు లేదని రాయలేదు. "మందలించి వదిలేశాం" అని రాశారు. ఎందుకు మందలించారో ఎవరికీ తెలియదు, ఏదో ఒకటి రాయకపోతే కాగితం ఖాళీగా ఉంటుందని కాబోలు. నన్ను ఆర్నెల్లు స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. ఆవరణలో నిలబడి బస్సులు కడిగిస్తున్నాను. న్యాయమే. మేనేజరుని పెద్దాఫీసుకి మార్చారు. శిక్ష అనుకునేవు, అక్కడి కుర్చీ ఇంకా మెత్తగా ఉంటుందట.

స్తంభం సంగతి. కొత్తగా చేసే బస్సుల్లో మారుస్తారట. ఉన్న పన్నెండింటికీ ప్రస్తుతానికి స్టిక్కర్లు వచ్చాయి. ఎర్రగా, పెద్ద అక్షరాలతో. "వంగి చూడండి." ఎక్కడ అంటించారనుకున్నావు? స్తంభం మీద. కొసలు అద్దం మీదికొచ్చి ఇంకో రెండు వేళ్ల మేర కప్పేశాయి. నా చేత్తో పన్నెండూ పీకేశాను. దీనికి ఇంకో విచారణ పెట్టుకోమను.

మీ అక్క నాతో మాట్లాడుతోంది. నీ ఫోన్ ఎత్తుతుంది, చెయ్యి.

బావ

*

మే 10

బావా,

నన్ను పాత డ్రాయింగులు దాచే గదికి మార్చారు. కిటికీ లేదు, తుమ్ములకి కొదవ లేదు. మా పెద్దసారు పిలిచి, "ఇంటి గొడవలు ఆఫీసుకి తెచ్చావు" అన్నారు. "ఆఫీసు గొడవే ఇంటికి వెళ్లిందండి" అన్నాను. అప్పుడు తోచింది అది, ఆయన అప్పటికే వేరే ఫైలు తెరిచారు. భోజనం బల్ల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది. నీ ఫోటో బోర్డు మీంచి తీసేశారు.

కొత్త బస్సులకి సన్న స్తంభం గియ్యమని ఒక కొత్తతనికి ఇచ్చారు. రోజూ మధ్యాహ్నం ఏదో వంకతో నా గదికొచ్చి, ఎవరూ లేకుండా చూసి, సందేహాలడుగుతాడు. చెబుతున్నాను. మొదటిరోజే వాణ్ణి షెడ్డుకి తీసుకెళ్లి సీట్లో కూర్చోబెట్టాను. "ఇది మన పనేనా అండీ?" అన్నాడు.

ఈ నెల 28న రెండు రోజులకి వస్తున్నాను. అక్కతో చెప్పు.

బావమరిది

*

జూన్ 2

బావమరిదికి,

మొన్న మా ఇంటి నుంచి, బస్టాండుకి తొందరగా వెళ్లాలంటూ సంచి పట్టుకుని పరుగెత్తావు. దర్జీ ఇంటికి వెళ్లావని నిన్న ఆయన చెబితే తెలిసింది. నేనూ పిచ్చుకా వారానికోసారి వెళుతుంటాం. ఆ పిల్ల కుట్టు మిషను మీద దుమ్ము తుడిచి, సూదులు డబ్బాలో సర్ది వచ్చేస్తుంది.

ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు. "మొన్న ఒకతను వచ్చాడు. కొలతలు గీసుకునే కాగితం మీద నాకు స్తంభం బొమ్మ గీసి చూపించాడు" అన్నాడు. ఇంకా ఇలా చెప్పాడు:

"ఎంత పొడుగు మనిషికి కుట్టారు బాబూ అని అడిగాను. సగటు మనిషికి అండీ అన్నాడు. యాభై ఏళ్ల నుంచీ కుడుతున్నాను, సగటు మనిషి ఒక్కడూ నా కొట్టుకి రాలేదు అన్నాను. లేచి వెళ్లిపోయాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు."

"మా బావమరిది అండీ" అన్నాను. దాచడమెందుకు?

"తెలిసింది. ఆ తలవంచుకోవడం ఇద్దరిదీ ఒకటే" అన్నాడు. "చొక్కా సరిగ్గా లేకపోతే తొడుక్కోం, అంతటితో పోతుంది. మీ బస్సు నేను ఎక్కనైనా ఎక్కలేదు, నా మీదికొచ్చింది" అన్నాడు. కోపంగా కాదురా. గుండీ ఊడిందని చెప్పినట్టు చెప్పాడు. పిచ్చుక చేతిలో డబ్బా జారి సూదులు నేలంతా పరుచుకున్నాయి.

ఆమె ఏరుతుంటే చూసి, "అవి తర్వాత, ఇలా రామ్మా" అని పిలిచాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చోమన్నాడు. "స్టీరింగు పట్టుకున్నట్టు కూర్చో. నిక్కకు, ఎలా కూర్చుంటావో అలా" అన్నాడు. తలగడ కింద నుంచి టేపు తీశాడు. ఒక పక్కకి ఒరగడానికి నొప్పి, పళ్లు బిగించి ఒరిగాడు. స్టూలు నుంచి కంటిదాకా కొలిచాడు. భుజం నుంచి పిడికిలి దాకా, నడుము నుంచి పాదం దాకా కొలిచాడు. ఒకటి అనుమానం వచ్చి మళ్లీ తీశాడు. చెవి వెనక ఉన్న పెన్సిలుతో చీటీ మీద రాసి నాకిచ్చాడు. "అతనికి పంపండి. అడగడానికి వచ్చింది ఇదే అయ్యుంటుంది, అడగడం చేతకాక పారిపోయాడు" అన్నాడు.

ఆ చీటీ ఇందులో ఉంది. మీ కొత్తవాడికి ఇవ్వు. వాడు ముక్కు చీదుకుని పారెయ్యకుండా చూడు. మీ ఫ్యాక్టరీ అంతా కలిసి తియ్యని కొలత అది. తుంటి విరిగిన మనిషి మంచం దిగకుండా తీశాడు.

మీ బావ